సిమ్యులేటర్‌లో నడిచే ప్రోగ్రాం సిస్టమ్ కాల్స్‌ను హోస్ట్ చేత చేయించడం: సమగ్ర మార్గదర్శి

చిత్తూరు జిల్లాలో పలమనేరు వైపు పల్లెల్లోని పాల సేకరణ కేంద్రాల్లో రైతు పోసిన పాలను తూచి, వెన్న శాతం కొలిచి, చీటీ ముద్రించి ఇచ్చే చిన్న యంత్రాలు కనిపిస్తాయి. అలాంటి యంత్రానికి ప్రోగ్రాం రాసేవారు ప్రతి చిన్న మార్పుకూ బోర్డు ముందు కూర్చోనక్కరలేకుండా, దానిలోని ప్రాసెసర్‌ను అనుకరించే సిమ్యులేటర్‌ను తమ ల్యాప్‌టాప్‌లోనే నడుపుకోవచ్చు. తిరుపతి, చిత్తూరు కళాశాలల్లో చివరి సంవత్సరం ప్రాజెక్టుగా అటువంటి సిమ్యులేటర్‌ను స్వయంగా రాయాలనుకునే విద్యార్థులను దృష్టిలో ఉంచుకుని ఈ మార్గదర్శిని రాస్తున్నాను. కూడిక, తీసివేత, లోడ్, స్టోర్, బ్రాంచ్ వంటి ఆదేశాలను అనుకరించడానికి ప్రాసెసర్ నిర్దేశపత్రాన్ని ముందుంచుకుని ఓపికగా పనిచేస్తే చాలు. లోపలి ప్రోగ్రాం తెర మీద రాయించే ప్రింట్‌ఎఫ్‌ను మొదటిసారి పిలిచినప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. తెర, ఫైలు, గడియారం ఇవేవీ సిమ్యులేటర్‌లో ఉండవు. అవన్నీ బయటి యంత్రం ఆధీనంలో ఉంటాయి. లోపలి ప్రోగ్రాం అడిగిన పనిని బయటి యంత్రం చేత చేయించి, ఫలితాన్ని లోపలి ప్రోగ్రాంకు అర్థమయ్యే రూపంలో తిరిగి ఇవ్వడమే ఇక్కడి పని. ప్రోగ్రాం ఇలా సేవను కోరడాన్నే సిస్టమ్ కాల్, క్లుప్తంగా కాల్, అంటారు.

ఇకపై సిమ్యులేటర్ నడుస్తున్న యంత్రాన్ని హోస్ట్ అనీ, అనుకరణకు గురవుతున్న యంత్రాన్ని టార్గెట్ అనీ అంటాను. ఉదాహరణల్లో హోస్ట్ 64 బిట్ల ఎక్స్86 ప్రాసెసర్ మీది లైనక్స్. టార్గెట్ న్యూలిబ్ అనే చిన్న సీ లైబ్రరీతో కూర్చిన, రిస్క్-ఫైవ్ అనే రకం 64 బిట్ల ప్రాసెసర్ కోసం రాసిన ప్రోగ్రాం. రెండూ 64 బిట్లవే, రెండింటిలోనూ బైట్ల వరుస ఒకటే. పోలికలు ఇన్ని ఉన్నాయి కాబట్టి విలువలను ఉన్నవి ఉన్నట్టుగా అటూ ఇటూ పంపినా సరిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. అలా పంపకూడదన్నదే ఈ మార్గదర్శి అంతటా నేను పట్టుబట్టే మాట. అలిపిరి తనిఖీ కేంద్రంలో కొండకు వెళ్లే ప్రతి సంచీనీ చూసి పంపినట్టే, సరిహద్దు దాటే ప్రతి విలువనూ, అది కాల్ సంఖ్య అయినా, చిరునామా అయినా, ఫ్లాగ్ (ఎంపికను తెలిపే బిట్టు) అయినా, నిర్మాణం (పలు ఫీల్డుల కట్ట) అయినా, ఎర్రర్ కోడ్ అయినా, విప్పి చూసి అవతలి వైపు లెక్కలోకి మార్చి పంపాలి.

మొదటి అడుగు: కాల్‌ను పట్టుకోవడం

రిస్క్-ఫైవ్‌లో ప్రోగ్రాం సేవను కోరడానికి ఈకాల్ అనే ఆదేశాన్ని వాడుతుంది. ఆ క్షణంలో కాల్ సంఖ్య ప్రాసెసర్‌లోని చిన్న నిల్వ చోటైన ఏ7 రిజిస్టర్‌లోనూ, ఆర్గ్యుమెంట్లు ఏ0 నుంచి వరుసగానూ ఉంటాయి. ఫలితం ఏ0లోకి తిరిగి రావాలి. మీ డీకోడర్ ఈకాల్‌ను చూడగానే సేవా ఫంక్షన్‌ను పిలిచి, ఏ0ను నింపి, నడుస్తున్న ఆదేశం చిరునామాను ఉంచే ప్రోగ్రాం కౌంటర్‌ను 4 పెంచాలి. ఈకాల్‌కు 16 బిట్ల కుదించిన రూపం లేదు కాబట్టి ఇక్కడ ఎప్పుడూ 4 బైట్లే ముందుకు సాగాలి.

అయితే ముందుగా ఒక నిర్ణయం తీసుకోవాలి. టార్గెట్‌లో కెర్నెల్‌ను, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగాన్ని, కూడా నడిపే పూర్తి యంత్రాన్ని మీరు అనుకరిస్తున్నట్లయితే ఈకాల్‌ను మీరు పట్టుకోకూడదు. దాన్ని ట్రాప్‌గా (ప్రోగ్రాంను ఆపి కెర్నెల్‌కు మళ్లించే మలుపుగా) లోపలి కెర్నెల్‌కే అప్పగించాలి. యూజర్ మోడ్ నుంచి వచ్చిన ఈకాల్‌కు కారణ సంఖ్య 8, మెషిన్ మోడ్ నుంచి వచ్చినదానికి 11. ట్రాప్‌లో నమోదయ్యే చిరునామా ఈకాల్‌దే కనుక, దాన్ని 4 పెంచే బాధ్యత అప్పుడు లోపలి కెర్నెల్‌ది. స్పైక్ అనే రిస్క్-ఫైవ్ సిమ్యులేటర్, దాని ప్రాక్సీ కెర్నెల్ కలిసి పనిచేసే తీరు ఈ రెండింటికీ మధ్యస్థంగా ఉంటుంది: టార్గెట్‌లోని చిన్న కెర్నెల్ ట్రాప్‌ను అందుకుని, మెమరీలో టుహోస్ట్ అనే నిర్ణీత స్థానంలో విన్నపం రాసి, పనిని హోస్ట్‌కు అప్పగిస్తుంది. ఒకే ప్రోగ్రాం నడిపే విద్యార్థి ప్రాజెక్టుకు సిమ్యులేటరే నేరుగా ఈకాల్‌ను అందుకోవడం చాలునని నా అభిప్రాయం.

రెండవ అడుగు: కాల్ సంఖ్యల పట్టిక

రిస్క్-ఫైవ్ న్యూలిబ్ చాలావరకు లైనక్స్ సాధారణ పట్టికలోని సంఖ్యలనే వాడుతుంది: క్లోజ్ 57, ఎల్‌సీక్ 62, రీడ్ 63, రైట్ 64, ఎఫ్‌స్టాట్ 80, ఎగ్జిట్ 93, బ్రేక్ 214. ఓపెన్‌కు మాత్రం 1024 అనే ప్రత్యేక సంఖ్య ఉంది, ఎందుకంటే లైనక్స్ కొత్త పట్టికలో పాత తరహా ఓపెన్ లేదు. ఎక్స్86 లైనక్స్‌లో ఇదే రైట్‌కు సంఖ్య 1, రీడ్‌కు 0. కాబట్టి ఏ7లోని సంఖ్యను హోస్ట్ కెర్నెల్‌కు నేరుగా పంపడమనే ఆలోచనే పుట్టకూడదు. టార్గెట్ సంఖ్య నుంచి మీ సొంత అంతర్గత పేరుకు, ఆ పేరు నుంచి హోస్ట్ సీ లైబ్రరీ ఫంక్షన్‌కు వెళ్లే రెండంచెల పట్టిక రాసుకోండి. జీడీబీ అనే డీబగ్గర్‌తో వచ్చే సిమ్యులేటర్లు కూడా ఈ దారినే నడుస్తాయి. వాటిలో హోస్ట్ సేవలన్నీ ఒక కాల్‌బ్యాక్ నిర్మాణంలో ఫంక్షన్ పాయింటర్లుగా ఉంటాయి, టార్గెట్ సంఖ్యల పట్టిక వేరుగా ఉంటుంది. రేపు మరో టార్గెట్ వస్తే పట్టికను మార్చితే సరిపోతుంది, సేవల కోడ్‌ను ముట్టుకోనవసరం లేదు.

పట్టికలో లేని సంఖ్య వచ్చినప్పుడు సిమ్యులేటర్‌ను ఆపివేయకండి, సున్నా తిరిగి ఇచ్చి మౌనంగానూ ఉండకండి. ఆ సంఖ్యనూ, ప్రోగ్రాం కౌంటర్‌నూ సిమ్యులేటర్ ఎర్రర్ అవుట్‌పుట్‌లో రాసి, "ఈ సేవ లేదు" అనే ఎర్రర్‌ను టార్గెట్‌కు ఇవ్వండి. ఆ ఎర్రర్ సంఖ్య ఎంత అన్నది తరువాత వచ్చే విషయం.

మూడవ అడుగు: టార్గెట్ మెమరీని చదవడం, రాయడం

రీడ్, రైట్ వంటి కాల్స్‌లో ఏ1లో ఉన్న బఫర్ (బైట్లను ఉంచే మెమరీ చోటు) చిరునామా టార్గెట్‌కు చెందినది. హోస్ట్‌లో ఆ సంఖ్యకు ఏ అర్థమూ లేదు. టార్గెట్ మెమరీని మీరు హోస్ట్‌లో ఒక పెద్ద బైట్ శ్రేణిగా ఉంచి ఉంటారు, దాని ఆరంభ చిరునామా టార్గెట్ దృష్టిలో 2147483648 అనుకుందాం. చిరునామా నుంచి ఆరంభాన్ని తీసివేసి శ్రేణిలో స్థానాన్ని కనుక్కోవాలి, అయితే దానికి ముందు హద్దులు చూడాలి. ఇక్కడ చిరునామాకు పొడవును కలిపి, మొత్తాన్ని చివరి హద్దుతో పోల్చడం ప్రమాదకరం. టార్గెట్ పంపిన పొడవు చాలా పెద్దదైతే కూడిక 64 బిట్లను దాటి చుట్టుతిరిగి చిన్న సంఖ్యగా మారుతుంది, పరీక్ష దాన్ని ఒప్పుకుంటుంది. చిరునామా ఆరంభం కంటే తక్కువ కాదని ముందు చూసి, స్థానం మెమరీ పరిమాణాన్ని మించలేదని చూసి, ఆ తరువాత పొడవును "మెమరీ పరిమాణం మైనస్ స్థానం" అనే విలువతో పోల్చండి. హద్దు దాటితే ఈఫాల్ట్, అంటే 14, టార్గెట్‌కు ఎర్రర్‌గా వెళ్లాలి. సిమ్యులేటర్ మాత్రం కుప్పకూలకూడదు.

ఫైలు పేరు వంటి అక్షర వరుసలకు పొడవు ముందుగా తెలియదు. సున్నా బైటు వచ్చేవరకు ఒక్కొక్క బైటే చదువుతూ, 4096 బైట్ల దగ్గర ఆగిపోయే హద్దు పెట్టి, హోస్ట్ మెమరీలోకి నకలు తీసుకోండి. ఆ తరువాత తనిఖీ చేసినా, ఫైలు తెరిచినా ఆ నకలుతోనే చేయాలి. సరిచూడటానికి ఒకసారి, తెరవడానికి మరొకసారి టార్గెట్ మెమరీని చదివితే, రెండు చదువుల మధ్య మరో టార్గెట్ కోర్ ఆ పేరును మార్చే అవకాశం ఉంది.

ఈ రెండు పనులనూ రెండే ఫంక్షన్లలో ఉంచి, మిగతా కోడ్ అంతా వాటి ద్వారానే మెమరీని తాకేలా చూసుకోండి. బైట్ల వరుస తిరగబడిన టార్గెట్‌ను తరువాత చేర్చాలనుకుంటే మార్పు అక్కడే చేసుకోవచ్చు.

నాల్గవ అడుగు: రైట్, రీడ్

రైట్‌కు మూడు ఆర్గ్యుమెంట్లు: డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైలును సూచించే సంఖ్య), బఫర్ చిరునామా, పొడవు. టార్గెట్ నుంచి బైట్లను 4096 చొప్పున హోస్ట్ బఫర్‌లోకి తెచ్చుకుని హోస్ట్ రైట్‌కు ఇవ్వడం బాగుంటుంది. హోస్ట్ అడిగినన్ని బైట్లు రాయకపోవచ్చు. అప్పుడు మిగిలినవాటితో మళ్లీ ప్రయత్నించాలి. కొన్ని బైట్లు వెళ్లాక ఎర్రర్ వస్తే, అంతవరకు వెళ్లిన సంఖ్యనే ఫలితంగా ఇవ్వాలి; మొదటి బైటే వెళ్లకపోతేనే ఎర్రర్ చెప్పాలి.

ఈ దారిలో వెళ్లేవి బైట్లే గాని అక్షరాలు కావు. పాల చీటీ మీద "తిరుపతి" అని రాసి కొత్త పంక్తికి వెళితే, చూసేవారికి నాలుగు అక్షరాలే కనిపిస్తాయి. యూటీఎఫ్-8లో మాత్రం అది ఏడు సంకేతాలు, ఒక్కొక్కటి 3 బైట్లు, పంక్తి ముగింపుతో కలిపి 22 బైట్లు. రైట్ ఫలితం 22 కావాలి. పూర్తిగా తెలుగు సంకేతాలతో నిండిన పాఠాన్ని 4096 బైట్ల ముక్కలుగా కోస్తే, 1365 సంకేతాలకు 4095 బైట్లు పోయి, 1366వ సంకేతం మొదటి బైటు ఒక ముక్కలోనూ మిగతా రెండు మరో ముక్కలోనూ పడతాయి. హోస్ట్‌లో ఆ ముక్కను పాఠంగా డీకోడ్ చేసే భాషతో, ఉదాహరణకు పైథాన్‌తో, సిమ్యులేటర్ రాస్తున్నవారు ఈ సంగతిని తప్పక గుర్తుంచుకోవాలి. బైట్లను బైట్లుగానే హోస్ట్ డిస్క్రిప్టర్‌కు పంపితే తెర మీద అక్షరం చెక్కుచెదరదు. ఇంగ్లిష్ పాఠంతో మాత్రమే పరీక్షిస్తే ఈ లోపం బయటపడదు కనుక తెలుగు పాఠంతోనే పరీక్షించమని నా మనవి.

టార్గెట్ అవుట్‌పుట్ వెళ్లే డిస్క్రిప్టర్‌లోకే సిమ్యులేటర్ తన సొంత సందేశాలను ప్రింట్‌ఎఫ్‌తో పంపకూడదు. ఒకటి బఫర్‌లో ఆగి, మరొకటి నేరుగా వెళ్లి, వరుస తారుమారవుతుంది. సిమ్యులేటర్ సందేశాలకు ఎర్రర్ అవుట్‌పుట్‌నే వాడండి.

రీడ్‌లో ముందుగా టార్గెట్ బఫర్ హద్దులను చూసిన తరువాతే హోస్ట్ నుంచి చదవాలి. లేకపోతే కీబోర్డు నుంచి వచ్చిన బైట్లు ఎక్కడా చేరకుండానే పోతాయి. వాడుకరి కీబోర్డుతో సిమ్యులేటర్‌ను ఆపినప్పుడు హోస్ట్ రీడ్ మధ్యలో తెగిపోతే, ప్రోగ్రాం కౌంటర్‌ను పెంచకుండా ఈకాల్ మీదే నిలపండి. తిరిగి నడిపించినప్పుడు అదే కాల్ మొదటినుంచి జరుగుతుంది, టార్గెట్‌కు అంతరాయం తెలియనే తెలియదు.

ఐదవ అడుగు: ఓపెన్, దాని ఫ్లాగ్‌లు

నన్నడిగితే ఈ అంశమంతటిలోనూ అతి ప్రమాదకరమైన చోటు ఇదే. పాల సేకరణ ప్రోగ్రాం ప్రతి పూటా లెక్కను "పాలు.లాగ్" అనే ఫైలు చివర చేర్చుతుందనుకోండి. సీ భాషలో ఎఫ్‌ఓపెన్‌ను చేర్పు పద్ధతిలో పిలిస్తే, న్యూలిబ్ మూడు ఫ్లాగ్‌లను కలుపుతుంది: రాయడానికి మాత్రమే 1, లేకుంటే సృష్టించు 512, చివర చేర్చు 8. మొత్తం 521 అవుతుంది, ఏ1లో వచ్చే సంఖ్య అదే.

ఈ 521ని మార్చకుండా ఎక్స్86 లైనక్స్ ఓపెన్‌కు ఇస్తే ఏమవుతుందో బిట్టు బిట్టుగా చూద్దాం. 1కి అర్థం రెండు వైపులా ఒకటే. 8కి లైనక్స్‌లో అర్థమే లేదు. 512 మాత్రం లైనక్స్‌లో "ఉన్నదంతా చెరిపివేయి" అనే ఫ్లాగ్. సృష్టించమని చెప్పే ఫ్లాగ్ అక్కడ 64, చివర చేర్చమనేది 1024. అంటే, ఉదయం పూట లెక్కలన్నీ ఉన్న ఫైలు చివర సాయంత్రం లెక్క చేర్చమని ప్రోగ్రాం అడిగితే, హోస్ట్ ఫైలును ఖాళీ చేసి, ఏ ఎర్రరూ లేకుండా డిస్క్రిప్టర్‌ను తిరిగి ఇస్తుంది. ఆ తరువాత రైట్ కూడా విజయవంతమవుతుంది. ఫైలు అసలే లేకపోతే మాత్రం, సృష్టించమని అడిగినా "ఫైలు లేదు" అని 2వ ఎర్రర్ వస్తుంది. ఈ రెండో లక్షణం చూసి ఫైలును చేత్తో ముందుగా సృష్టించి పెట్టుకునేవారికి మొదటి లక్షణం మరింత కనబడకుండా పోతుంది.

ఫ్లాగ్‌లను మార్చే పద్ధతి ఇది. అట్టడుగు రెండు బిట్లను విడిగా తీసుకోండి. అవి చదవడం 0, రాయడం 1, రెండూ 2 అనే విలువలే గాని విడి ఫ్లాగ్‌లు కావు, వాటిని బిట్లుగా పరీక్షిస్తే 0కి జవాబు దొరకదు. ఆ తరువాత టార్గెట్ 8 ఉంటే హోస్ట్ చేర్పు ఫ్లాగ్‌నూ, 512 ఉంటే హోస్ట్ సృష్టి ఫ్లాగ్‌నూ, 1024 ఉంటే హోస్ట్ చెరిపివేత ఫ్లాగ్‌నూ పెట్టండి. హోస్ట్ వైపు అంకెలు రాయకుండా హోస్ట్ హెడర్ ఫైలులోని పేర్లనే వాడితే, రేపు సిమ్యులేటర్‌ను మ్యాక్ మీద కూర్చినా పని చేస్తుంది. మీరు గుర్తించిన బిట్లను మూల విలువ నుంచి ఒక్కొక్కటిగా తీసివేస్తూ పోయి, చివరకు ఏదైనా మిగిలితే "చెల్లని ఆర్గ్యుమెంట్" అని 22ను తిరిగి ఇవ్వండి. తెలియని ఫ్లాగ్‌ను మౌనంగా వదిలేయడం కంటే ఇది మేలు. ఈ మార్పిడి జరిగాక 521 కాస్తా 1089 అవుతుంది: 1, 64, 1024. కొత్తగా రాసే పద్ధతిలో వచ్చే 1537 ఇలాగే 577 అవుతుంది.

ఆరవ అడుగు: డిస్క్రిప్టర్లు, దారులు

హోస్ట్ ఇచ్చిన డిస్క్రిప్టర్ సంఖ్యను టార్గెట్‌కు నేరుగా ఇవ్వకండి. సిమ్యులేటర్ తన సొంత పనికి, అంటే లాగ్‌కో డీబగ్గర్ సాకెట్‌కో, 3, 4 వంటి డిస్క్రిప్టర్లను వాడుతూ ఉంటుంది. లోపలి ప్రోగ్రాం 4ను మూసివేస్తే డీబగ్గర్ తెగిపోతుంది. టార్గెట్ సంఖ్య నుంచి హోస్ట్ సంఖ్యకు ఒక చిన్న శ్రేణి ఉంచి, 0, 1, 2 స్థానాలను ముందుగా నింపి, కొత్త ఫైలుకు ఖాళీగా ఉన్న అతి చిన్న స్థానాన్ని ఇవ్వండి. యునిక్స్ ప్రోగ్రాంలు ఆ నియమాన్ని నమ్ముకుని ఉంటాయి. టార్గెట్ 1ని మూసివేసినప్పుడు పట్టికలో మూసినట్టు గుర్తు పెట్టండి, హోస్ట్ అవుట్‌పుట్‌ను మాత్రం మూయకండి. పట్టికలో లేని సంఖ్యకు 9, అంటే ఈబ్యాడ్‌ఎఫ్, జవాబు కావాలి.

కళాశాల ప్రయోగశాల సర్వర్ మీద విద్యార్థులు సమర్పించిన ప్రోగ్రాంలను ఈ సిమ్యులేటర్‌తో నడిపి మార్కులు వేయాలనుకుంటే, దారుల (ఫైలు ఉన్న చోటును చెప్పే పేర్ల) విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. లోపలి ప్రోగ్రాం అడిగిన ఏ దారి అయినా ఒక్క నిర్ణీత ఫోల్డర్ కిందే తెరుచుకోవాలి. పేరులో రెండు చుక్కలున్నాయా అని వెతకడంతో పని పూర్తికాదు, ఎందుకంటే ఫోల్డర్‌లోని సింబాలిక్ లింక్ (మరో దారిని సూచించే ఫైలు) బయటికి దారి చూపగలదు. లైనక్స్ 5.6 నుంచి ఉన్న ఓపెన్‌యాట్2 కాల్‌లో దారి ఇచ్చిన ఫోల్డర్‌ను దాటి బయటికి పోకూడదని కెర్నెల్‌కే చెప్పే వీలుంది. ఆ హామీ మనం రాసే ఏ తనిఖీ కన్నా గట్టిది.

ఏడవ అడుగు: ఎఫ్‌స్టాట్

టార్గెట్ మొదటిసారి ప్రింట్‌ఎఫ్ పిలిచినప్పుడు, రైట్ కంటే ముందే న్యూలిబ్ ఎఫ్‌స్టాట్‌ను పిలిచి అవుట్‌పుట్ టెర్మినలా, మామూలు ఫైలా అని కనుక్కుంటుంది. టెర్మినల్ అయితే పంక్తికొకసారి పంపుతుంది, కాకపోతే బఫర్ నిండేవరకు ఆపి ఉంచుతుంది. కాబట్టి ఈ కాల్‌ను పక్కన పెట్టేసినవారికి, ప్రోగ్రాం ముగిసేవరకు తెర మీద ఏమీ రాకపోవడం, మధ్యలో కూలిపోతే ఏదీ కనబడకపోవడం వంటి వింతలు ఎదురవుతాయి.

హోస్ట్ స్టాట్ నిర్మాణాన్ని ఉన్నది ఉన్నట్టు టార్గెట్ మెమరీలోకి నకలు చేస్తే జరిగేది చూడండి. ఎక్స్86 లైనక్స్‌లో ఈ నిర్మాణం 144 బైట్లు. రిస్క్-ఫైవ్ టార్గెట్ ఆశించే సాధారణ రూపం 128 బైట్లు. మొదటి 16 బైట్లు రెండింటిలోనూ ఒకటే. 16వ బైటు నుంచి ఎక్స్86లో 8 బైట్ల లింకుల సంఖ్య, 24 దగ్గర 4 బైట్ల మోడ్ (ఫైలు రకం, అనుమతులు) ఉంటాయి. టార్గెట్‌లో 16 దగ్గరే మోడ్, 20 దగ్గర లింకుల సంఖ్య, 24 దగ్గర యజమాని సంఖ్య. 48 దగ్గరికి వచ్చేసరికి రెండూ మళ్లీ కలుస్తాయి: ఫైలు పరిమాణం అక్కడే, బ్లాక్ పరిమాణం 56 దగ్గర, సమయాలు 72 నుంచి.

ఫలితంగా ఫైలు పరిమాణం సరిగ్గా కనిపిస్తుంది, మార్పు సమయమూ సరిగ్గా ఉంటుంది. మోడ్ మాత్రం 1 అవుతుంది, ఎందుకంటే లింకుల సంఖ్య ఆ స్థానంలో పడింది. 1లో ఫైలు రకాన్ని చెప్పే బిట్లు ఏవీ లేవు కనుక అది ఫైలూ కాదు, ఫోల్డరూ కాదు, టెర్మినలూ కాదు. మామూలు ఫైలుకు ఉండవలసిన 33188 అనే మోడ్ విలువ యజమాని సంఖ్యగా కనిపిస్తుంది. పైగా మిగిలిన 16 బైట్లు టార్గెట్ స్టాక్‌లో పక్కనున్న విలువల మీద పడి, ఎక్కడో దూరంగా మరో ఫంక్షన్ తిరిగివెళ్లేటప్పుడు ప్రోగ్రాం దారి తప్పుతుంది. పరిమాణాన్ని మాత్రమే సరిచూసే పరీక్ష ఇదంతా దాటిపోతుంది.

పరిష్కారం ఒకటే. 128 బైట్ల శ్రేణిని సున్నాలతో నింపి, హోస్ట్ నిర్మాణం నుంచి ఒక్కొక్క ఫీల్డును పేరుతో తీసి, టార్గెట్ స్థానంలో టార్గెట్ వెడల్పుతో రాయండి. సున్నాలతో నింపడం మరవకండి. ఖాళీ చోట్లలో హోస్ట్ మెమరీ శకలాలు లోపలికి పోకూడదు. జీడీబీ సిమ్యులేటర్లలో ఈ అమరికను ఫీల్డు పేరు, దాని బైట్ల సంఖ్య వరుసగా ఉండే ఒక పాఠ పట్టికగా రాసి, దాన్ని చదివే ఒకే ఫంక్షన్‌తో అన్ని టార్గెట్లకూ పని జరిపిస్తారు. రెండు మూడు టార్గెట్లు ఉన్నవారికి ఆ పద్ధతి ఎంతో అనువుగా ఉంటుంది.

ఎనిమిదవ అడుగు: ఎర్రర్ సంఖ్యలు

హోస్ట్ ఫంక్షన్ విఫలమైతే ఎర్రర్ సంఖ్యను వెంటనే ఒక చరరాశిలో దాచుకోండి. మధ్యలో ఒక సందేశం ముద్రించినా అది మారిపోవచ్చు. టార్గెట్‌కు దాన్ని రుణ సంఖ్యగా ఏ0లో ఇవ్వాలి. న్యూలిబ్ వైపు కోడ్ దాని గుర్తును మార్చి ఎర్‌నో అనే ఎర్రర్ చరరాశిలో పెడుతుంది. 2, 9, 14, 22 వంటి పాత సంఖ్యలు రెండు వైపులా ఒకటే కావడంతో చాలామంది ఇక్కడ మార్పిడి అవసరం లేదనుకుంటారు. "ఈ సేవ లేదు" అనే ఈనోసిస్ లైనక్స్‌లో 38, న్యూలిబ్‌లో 88. "పేరు మరీ పొడవు" లైనక్స్‌లో 36, న్యూలిబ్‌లో 91. "ఫోల్డర్ ఖాళీగా లేదు" 39 అయితే అక్కడ 90. రెండవ అడుగులో చెప్పిన తెలియని కాల్‌కు అందుకే మైనస్ 88 ఇవ్వాలి. పట్టికలో లేని హోస్ట్ ఎర్రర్ వస్తే దాన్ని ఈఐఓ, అంటే 5, గా పంపి, అసలు సంఖ్యను సిమ్యులేటర్ లాగ్‌లో రాయండి.

తొమ్మిదవ అడుగు: బ్రేక్, ఎగ్జిట్, సమయం

ప్రోగ్రాంకు మెమరీ కేటాయించే మాలాక్‌కు చోటు కావలసినప్పుడు న్యూలిబ్ బ్రేక్‌ను పిలుస్తుంది. దీనికి హోస్ట్ బ్రేక్‌తో ఏ సంబంధమూ లేదు. ప్రోగ్రాం డేటా ముగిసిన చోటు నుంచి మొదలయ్యే ఒక హద్దును సిమ్యులేటరే గుర్తుంచుకోవాలి. 0తో పిలిస్తే ఇప్పటి హద్దును ఇవ్వండి. అడిగిన హద్దు స్టాక్ కోసం కేటాయించిన చోటుకు తగిలితే ఎర్రర్ కాకుండా పాత హద్దునే తిరిగి ఇవ్వాలి. తాను అడిగినదీ, వచ్చినదీ ఒకటేనా అని న్యూలిబ్ పోల్చుకుంటుంది.

ఎగ్జిట్ వచ్చినప్పుడు హోస్ట్ ఎగ్జిట్‌ను నేరుగా పిలవకండి. ముగిసినట్టు ఒక గుర్తు పెట్టి, ప్రధాన లూప్‌కు తిరిగివెళ్లి, ఫైళ్లు మూసి, కోడ్‌లోని అట్టడుగు 8 బిట్లతో ముగించండి. డీబగ్గర్ తగిలించి ఉంటే, ముగింపు సమయంలోని రిజిస్టర్లను వాడుకరి చూడగలగాలి.

సమయం విషయంలో నా సలహా ఏమిటంటే, హోస్ట్ గడియారాన్ని ఇవ్వకండి. నడిచిన ఆదేశాల సంఖ్యను సమయంగా మార్చండి. 50 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్‌లో ఆదేశానికి ఒక సైకిల్ అనుకుంటే ఒక్కొక్కటి 20 నానోసెకన్లు. అప్పుడు ఒకే ప్రోగ్రాంను ఎన్నిసార్లు నడిపినా అవే సమయాలు వస్తాయి, దొరికిన లోపం మళ్లీ దొరుకుతుంది.

టార్గెట్ ఆర్మ్ అయితే

పాల యంత్రం బోర్డు మీద ఆర్మ్ కార్టెక్స్-ఎం ఉంటే, ఈకాల్ స్థానంలో సెమీహోస్టింగ్ అనే ఒప్పందం ఉంటుంది. 171 అనే సంఖ్యతో కూడిన బ్రేక్‌పాయింట్ ఆదేశమే పిలుపు. పని సంఖ్య ఆర్0లోనూ, ఆర్గ్యుమెంట్లున్న మెమరీ చిరునామా ఆర్1లోనూ ఉంటాయి. ప్రతి విలువనూ మార్చి పంపాలన్న సూత్రం దానికీ వర్తిస్తుంది, వివరాల్లోని ఒక తేడాను మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి: అక్కడ రైట్ ఫలితం రాసిన బైట్ల సంఖ్య కాదు, రాయకుండా మిగిలిన బైట్ల సంఖ్య. అంతా సవ్యంగా జరిగితే 0 ఇవ్వాలి.

పదవ అడుగు: జాడ, పరీక్షలు

ప్రతి కాల్‌నూ రెండు వైపుల విలువలతో లాగ్‌లో రాసే సౌకర్యం మొదటి రోజే పెట్టుకోండి:

ఓపెన్ "పాలు.లాగ్", ఫ్లాగ్‌లు 521 → 1089, ఫలితం 3
రైట్ 3, పొడవు 22, ఫలితం 22
క్లోజ్ 3, ఫలితం 0

బాణానికి రెండు వైపులా ఒకే సంఖ్య కనిపిస్తే మార్పిడి జరగలేదేమోనని కన్ను వెంటనే అక్కడ ఆగుతుంది.

పరీక్షల్లో మొదటిది చేర్పు పరీక్ష. ముందుగా ఖాళీ "పాలు.లాగ్" ఒకటి ఉంచి, దాని చివర "తిరుపతి" అనే పంక్తిని చేర్చే చిన్న ప్రోగ్రాంను రెండుసార్లు నడపండి. ఫైలు 44 బైట్లు ఉండాలి. 22 ఉంటే ఫ్లాగ్‌లు మారలేదని అర్థం. అదే పరీక్షను ఫైలు లేకుండానూ జరపండి. తరువాత 4096 బైట్లను దాటే తెలుగు పాఠాన్ని రాయించి హోస్ట్‌లోని మూలంతో బైటు బైటుకూ పోల్చండి. మెమరీ చివరి బైటు నుంచి 2 బైట్ల పొడవుతో రైట్ పిలిచి 14 వస్తుందో లేదో చూడండి, అతి పెద్ద పొడవుతోనూ ఇదే అడగండి. ఎఫ్‌స్టాట్‌కు ఇచ్చే నిర్మాణానికి ముందూ వెనుకా తెలిసిన విలువలు పేర్చి, కాల్ తరువాత అవి చెదరలేదని, మోడ్‌లో మామూలు ఫైలు గుర్తు ఉందని సరిచూడండి. టార్గెట్ 1ని మూసివేశాక కూడా సిమ్యులేటర్ సందేశాలు వస్తున్నాయా అన్నది మరొకటి. ఇవన్నీ నెగ్గిన తరువాత పాల సేకరణ ప్రోగ్రాంను ఉదయం, సాయంత్రం రెండు పూటల లెక్కలతో నడిపించి, సిమ్యులేటర్ రాసిన ఫైలునూ, అసలు బోర్డు రాసిన ఫైలునూ పక్కపక్కన పెట్టి పోల్చండి; తేడా వచ్చిన మొదటి బైటును ఏ కాల్ రాసిందో జాడలో వెతికి, ఆ కాల్ అడుగు దగ్గరి నుంచి మళ్లీ పని మొదలుపెట్టండి.